నాటకం సాకుతో ఫుప్పు ఇంటికి

పెళ్ళో, మయ్యతో ఉంటే తప్ప బంధువుల గడప తొక్కని రోజులొచ్చాయి. ఆ రెండు సందర్భాల్లోనూ నింపాదిగా మాట్లాడుకునే తీరిక ఉండదు. అందుకే నిరుడు శీతాకాలంలో మేము ఏ శుభకార్యమూ లేకుండానే, ఒక నాటకాన్ని సాకుగా పెట్టుకుని హైదరాబాద్ వెళ్ళాం.

పిడుగురాళ్ళలో పొద్దున్నే పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మధ్యాహ్నం భోజనాల వేళకు యాకుత్‌పురాలో ఫుప్పు ఇంటికి చేరాం. ఫుప్పు మా అబ్బాకు అక్క. డెబ్బై దాటాయి. పెళ్ళయి ఆ నగరానికి వెళ్ళి యాభై ఏళ్ళ పైమాటే. బగారా అన్నం, ఖట్టీ దాల్ వడ్డిస్తూనే మేము తెచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత తీసి వాసన చూశారు. "ఇది మన చేలోదేనా?" అని అడిగారు. అబ్బా జవాబు చెప్పలేదు.

ఆ చేను గురించి, ఊళ్ళోని పాత ఇంటి గురించి అబ్బాకు, టోలీచౌకీలో ఉండే చాచాకు మధ్య పన్నెండేళ్ళుగా మాటల్లేవు. పండుగకు పిల్లలం ఫోన్లు చేసుకుంటాం గానీ పెద్దలిద్దరూ ఎదురుపడరు. ఫుప్పు ఈ సంగతి ఎరగనివారు కాదు. రవీంద్రభారతిలో సురభివారు 'మాయాబజార్' ఆడుతున్నారని మనవడు చెప్పగానే టికెట్లు తెప్పించి, తమ్ముళ్ళిద్దరికీ విడివిడిగా కబురు పెట్టింది ఆమే. ఎవరు వస్తున్నదీ రెండోవారికి చెప్పలేదు.

బంధువుల్లోనే ఒకరు, పేరెందుకులెండి, "మనవాళ్ళకు ఈ నాటకాలేమిటి?" అని మూతి విరిచారు. తెలుగు నేలపై ఊరూరా బుర్రకథ వినిపించి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ మా గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టినవారే. ఇక నగరంలోనైతే బబ్బన్ ఖాన్ 1965లో మొదలుపెట్టిన 'అద్రక్ కే పంజే' పేరు తెలియని ముస్లిం ఇల్లు ఉంటుందా? మా ఫుప్పు కూడా ఆ దక్కనీ నాటకాన్ని పెళ్ళయిన కొత్తలోనే చూశారట. అయితే ఆమె మనసు సురభి మీదే. చిన్నతనంలో మా ప్రాంతంలో సురభివారు పందిరి వేసుకుని ఆడుతుంటే, మా దాదీ పక్కన కూర్చుని పరదా చాటు నుంచి చూసిన జ్ఞాపకం ఆమెది.

సురభి సంగతి పిల్లలకు చెప్పదగ్గది. తోలుబొమ్మలాట ఆడే ఒక కుటుంబం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' నాటకం వేసింది. అక్కడి నుంచి తరతరాలుగా ఆ కుటుంబమే నాటక సమాజం. తాత, కొడుకు, కోడలు, మనవరాలు అందరూ నటులే. తెరలు కట్టేదీ, హార్మోనియం వాయించేదీ ఆ ఇంటివారే. మగవాళ్ళు ఆడవేషాలు కట్టే కాలంలోనే వారి ఇంటి స్త్రీలు స్త్రీ పాత్రలు ధరించారు. సంసారం పెరిగినప్పుడు ఒక శాఖ వేరుపడి మరో సమాజం పెట్టుకుంటుంది. వేరుపడినా చుట్టరికం పోదు, వృత్తీ పోదు.

మగ్రిబ్ నమాజు చేసుకుని బయల్దేరాం. మలక్‌పేట వరకు ఆటోలు, అక్కడి నుంచి అసెంబ్లీ స్టేషన్ వరకు మెట్రో. మోకాళ్ళ నొప్పులతో ఫుప్పు లిఫ్టు కోసం అవస్థ పడ్డారు గానీ వెనక్కి పోదామనలేదు. రవీంద్రభారతి మెట్ల దగ్గర చాచా, చాచీ, పిల్లలు నిలబడి ఉన్నారు. అబ్బా సలాం చేశారు. చాచా జవాబిచ్చారు. అంతే. లోపల ఫుప్పు మధ్య కుర్చీలో కూర్చుని చెరోపక్కన ఒక తమ్ముణ్ణి కూర్చోబెట్టుకున్నారు.

చాచా పిల్లలకు తెలుగు పద్యం అర్థం కాదు. వాళ్ళ చదువు ఇంగ్లీషు, ఇంట్లో ఉర్దూ. మా చెల్లెలు పక్కన కూర్చుని దక్కనీలో చెబుతూ పోయింది. ఇంట్లో మా దక్కనీ విని "తెలుగు ఉర్దూ" అని నవ్వే ఆ పిల్లలే, ఆ పూట దాన్ని పట్టుకుని కథ విన్నారు. గాలిలో తేలుతూ వచ్చిన లడ్లు ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే తర్జుమా అక్కర్లేకుండానే అరిచారు.

అయితే మాయాబజార్ మాయలతోనే అయిపోదు. మేనల్లుడికి పిల్లనిస్తానని మాట ఇచ్చిన బలరాముడు, చెల్లెలి అత్తింటివారి ఆస్తి పోగానే మాట మారుస్తాడు. పుట్టింటికి వచ్చిన సుభద్రకు అవమానం జరుగుతుంది. ఆ ఘట్టం దగ్గర ఫుప్పు చున్నీ సర్దుకుని ముందుకు వంగారు. అటు తమ్ముడూ ఇటు తమ్ముడూ తెర వైపే చూస్తున్నారు. విరామంలో చాచా మూడు టీలు తెచ్చారు. రెండూ ఫుప్పు చేతికిచ్చారు. వాటిలో ఒకటి ఆమె అబ్బాకు అందించారు.

ఆ రాత్రి చాచా కుటుంబం కూడా యాకుత్‌పురాలోనే ఆగింది. పొద్దున ఖిచిడీ, ఖీమా తింటూ ఉండగా ఫుప్పు నెమ్మదిగా అన్నారు: "చెరి సగం కావాలని పన్నెండేళ్ళుగా పోట్లాడుకుంటున్నారు. నన్ను ఏ సగంలో కలిపారు?"

ఎవరూ మాట్లాడలేదు. నిజానికి లెక్క చిన్నదే. అన్‌నిసా సూరా 11వ ఆయతు ప్రకారం కుమారుడి వాటా ఇద్దరు కుమార్తెల వాటాకు సమానం. మా దాదా, దాదీ ఇద్దరూ గతించారు కనుక అప్పులేవైనా తీర్చాక ఆస్తి అయిదు పాళ్ళు. తమ్ముళ్ళకు రెండేసి, ఫుప్పుకు ఒకటి. చెరి సగం అన్న మాటే అందులో లేదు. మన ఇళ్ళలో పెళ్ళినాడు ఇచ్చిన జహేజ్‌నే వాటాగా చూపి చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది. పెట్టింది కానుక, రావలసింది హక్కు. ఒకదానికొకటి చెల్లు కాదు. వాటా చేతికి రాకముందే "నాకేం వద్దు, మాఫ్ చేశాను" అని అక్కచెల్లెళ్ళ చేత అనిపించుకోవడం మరీ అన్యాయం. పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయంతో వాళ్ళు అంటారు. ముందు వాటా చేతికిచ్చి, ఆ తర్వాత అడిగి చూడండి.

మిగిలిన రెండు రోజులు మెహదీపట్నంలో ఖాలా ఇల్లు, సాలార్‌జంగ్ మ్యూజియం, మదీనా దగ్గర బట్టల కొనుగోళ్ళతో గడిచిపోయాయి. తిరుగు రైలుకు చాచా స్టేషన్‌కు రాలేదు, పెద్ద కొడుకును పంపారు. ఆ అబ్బాయి చేతి సంచిలో చాచీ కట్టిచ్చిన రొట్టెలు, వాటి అడుగున చేను పాత పాస్ పుస్తకం నకలు ఉన్నాయి.

చేను అయిదు పాళ్ళకు కొలతలు వేయించారు. కాలువ వైపు పాలు ఫుప్పుకు. పాత ఇంటి సంగతి ఇంకా తేలలేదు. చాచా ఫోన్ చేస్తే అబ్బా ఎత్తుతున్నారు. తానుగా మాత్రం ఇంకా చేయడం లేదు.