కాకినాడ ఎదుటి ఇసుక దీవి: ఫోటో తీసేవారికి నాలుగు మాటలు

మారిషస్‌లో తెలుగువారిని ఒకప్పుడు ‘కోరంగీలు’ అని పిలిచేవారు. మన పూర్వులలో పలువురు కోరంగి రేవున ఓడ ఎక్కి వచ్చినందువల్ల కలిగిన పేరది. అందుకే మనవారు ఆంధ్రదేశం వెళ్ళినప్పుడు కాకినాడ దాకా పోయి, అక్కడి సముద్రాన్ని ఫోటో తీసుకొని వస్తుంటారు. మేమూ హోప్ దీవి ఫోటో ఒకటి తెచ్చి, ‘మన తాతలు ఓడ ఎక్కిన ఒడ్డు’ అని క్రింద వ్రాసి గోడకు తగిలించాము. ఆ వ్రాత తప్పని తరువాత తెలిసింది. ఎందుకు తప్పో, అటువంటి చోట ఫోటో ఎలా తీయాలో పాఠకులకు చెప్పదలచుకున్నాము.

గోదావరి పాయలు మోసుకొచ్చిన ఇసుకను అలలు ఒడ్డు వెంబడి ఉత్తరానికి నెట్టుతాయి. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకడమే దీనికి ముఖ్య కారణం. ఇలా సుమారు 200 ఏండ్లలో 16 కిలోమీటర్ల పొడవున ఇసుక తిన్నె పెరిగింది. హోప్ దీవి దానిలోనిదే. మన పూర్వులు బయలుదేరిన 1830లు, 1840లలో ఆ తిన్నె ఇంకా పెరుగుతూనే ఉన్నది. వారి కోరంగి రేవు దీవి మీద కాదు, లోపల ఏటి పాయ మీద ఉండేది. 1839 నవంబరు తుఫాను ఆ రేవును ధ్వంసం చేసింది. ఒండ్రు మేట వేసి ఓడల దారిని పూడ్చింది. నేడు ఆ ప్రాంతమంతా మడ అడవులు.

మన మారిషస్ చుట్టూ పగడపు దిబ్బ ఉన్నది. అల దూరాననే విరిగి, ఒడ్డు దగ్గర నీరు నిమ్మళంగా ఉంటుంది. కాకినాడ అఖాతానికి ఆ కాపుదల ఇచ్చేది ఇసుకే. దీవికి తూర్పున కెరటాల హోరు, పడమట చెరువువంటి నీరు. ఓడలకు కాకినాడ సురక్షితమైన రేవు కావడానికి ఈ ఇసుక గోడే కారణం. అయితే పగడపు దిబ్బవలె ఇది గట్టిది కాదు. ఒక పెద్ద తుఫాను దీని అంచులను మార్చివేయగలదు. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడం వల్ల డెల్టాకు చేరే మట్టి కూడా తగ్గింది.

ఇక ఫోటో సంగతి. సముద్రపు వైపు తీయదలిస్తే సూర్యోదయవేళ, అఖాతపు వైపు తీయదలిస్తే సాయంవేళ మంచిది. ఎండ ప్రక్కనుండి వాలుగా పడితేనే ఇసుకపై గాలి గీసిన గీతలు కనబడతాయి. మిట్టమధ్యాహ్నం అవన్నీ మాయమై, నేల చదునుగా తోస్తుంది. ఎండలో మెరిసే ఇసుకను చూచి కెమెరా మోసపోయి, బొమ్మను మసకగా తీస్తుంది. కాబట్టి వెలుతురును ఒక మెట్టు పెంచాలి. ఫిల్మ్ కెమెరా అయినా, చేతిఫోను అయినా ఈ నియమం ఒక్కటే.

కాలు ఎక్కడ పెడుతున్నామో కూడా చూసుకోవాలి. ఇసుకపై ప్రాకే బాలబంద తీగ, ముళ్ళ బంతులవంటి రావణుని మీసాలు కంటికి కలుపుమొక్కలుగా తోచవచ్చు. కాని ఎగిరే ఇసుకను పట్టి నిలిపేవి అవే. వాటిని త్రొక్కితే మనం ఫోటో తీయవచ్చిన దిబ్బనే చెరిపినట్లు. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఇక్కడి ఇసుకలో గ్రుడ్లు పెడతాయి. ఒక్కొక్క గుంటలో నూరు దాకా ఉంటాయి. పిల్లలు వెలుతురును చూచి సముద్రానికి దారి తెలుసుకుంటాయి. ఫ్లాష్ గాని, టార్చి గాని వేస్తే దారి తప్పి చస్తాయి. ఆ ఫోటో మనకు వద్దు.

చివరగా ఒక మనవి. తీసిన ప్రతి బొమ్మ వెనుకా తేదీ, గంట, పోటో పాటో, ఏ దిక్కుకు తిరిగి తీశారో వ్రాయండి. దూరపు దీపస్తంభం వంటి కదలని గురుతు ఒకటి బొమ్మలో ఉండేటట్లు చూడండి. పదేండ్ల తరువాత మీ పిల్లలు వెళ్ళి అదే చోట నిలిచి తీస్తే, ఒడ్డు ఎంత జరిగిందో ఆ రెండు బొమ్మలే చెబుతాయి. తేదీ లేని ఫోటో ఎంత అందమైనదైనా సాక్ష్యం కాదు.

మా గోడమీది వ్రాతను మార్చాము. ఇప్పుడది ఇలా ఉన్నది: ‘కాకినాడ అఖాతాన్ని కాచే ఇసుక దీవి. మన తాతలు వచ్చేనాటికి ఇది ఇంకా పెరుగుతున్నది.’ దాని ప్రక్కన కొంత చోటు ఖాళీగా ఉంచాము. ఈసారి వెళ్ళేవారు కోరంగి మడ అడవుల ఫోటో ఒకటి, తేదీతో సహా, తెచ్చి ఇవ్వగలరని ఆశిస్తున్నాము.