కోతుల తరలింపు: బోనుకు అవతల

ఉపోద్ఘాతం:
తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఇంటి పెంకులు మొదలుకొని మొక్కజొన్న చేల వరకు కోతుల బెడద నిత్యానుభవం. వాటిని చంపకుండా బోనులో పట్టి దూరపు అడవిలో విడవడమే దయగల పరిష్కారమన్న అభిప్రాయం బలంగా ఉంది. హింస లేకుండా పట్టడం అవసరమే. అయితే పట్టిన జీవికి, విడిచిన చోటికి ఏం జరుగుతుందన్నది కూడా ఆ దయలో భాగమేనని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఒక పేరు - రెండు జాతులు:
'కోతి' అన్న ఒకే మాట ఇక్కడ రెండు జాతులకు వర్తిస్తుంది. బానెట్ కోతి (మకాకా రేడియేటా) ద్వీపకల్ప భారతానికే పరిమితం. నెత్తిమీద టోపీలా పరచుకున్న వెంట్రుకలు, పొడవాటి తోక దీని గుర్తులు. రీసస్ కోతి (మకాకా ములాటా) ఉత్తరాది జాతి. దీని తోక పొట్టి. నడుము కింది భాగం ఎర్రని ఛాయలో ఉంటుంది. ఒకప్పుడు తూర్పున గోదావరి, పడమట తపతి ఈ రెండింటి మధ్య ఎల్లలని భావించేవారు. రీసస్ దక్షిణానికి విస్తరిస్తూ బానెట్ మనుగడకు ముప్పుగా మారుతున్నదని సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా ప్రభృతులు 2011లో ప్రకటించిన పరిశోధన హెచ్చరించింది. ఎల్లకు ఒకవైపు పట్టిన మందను మరోవైపు విడిస్తే ఆ విస్తరణకు మనిషే దారి వేసినట్లవుతుంది.

చట్టస్థితి:
1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' నిర్వచనంలో చంపడంతోపాటు బంధించడాన్నీ చేర్చింది. 2022 సవరణతో రీసస్ షెడ్యూళ్ల నుంచి తొలగిపోగా, బానెట్‌కు మొదటి షెడ్యూలులో స్థానం లభించింది. చూపుకు ఒకేలా కనిపించే రెండు మందల చట్టస్థితి ఇలా పూర్తిగా వేరైంది. ఈ భేదాన్ని బోను గుర్తించదు, పట్టేవారే గుర్తించాలి.

పట్టడం, విడవడం:
ఈ జాతుల్లో ఆడకోతులు సాధారణంగా పుట్టిన మందలోనే జీవితాంతం ఉంటాయి. కాబట్టి మందను చీల్చడమంటే బంధుత్వాలను తెంచడమే. తల్లీపిల్లలను విడదీయకూడదు, వేర్వేరు మందలను ఒకే బోనులో కుక్కకూడదు, నీడ, నీరు తప్పనిసరి. ఇవన్నీ పాటించినా, మనిషి తిండికి అలవాటుపడిన కోతి కొత్త అడవిలో నిలవక దగ్గరి ఊరికే చేరవచ్చు. అప్పుడు ఒక ఊరి బాధ మరొక ఊరికి బదిలీ అవుతుంది. ఖాళీ అయిన చోట తిండి దొరుకుతున్నంతకాలం ఇంకొక మంద వచ్చి చేరుతుంది.

సంతాన నియంత్రణ:
నిర్మల్ సమీపంలోని చించోలి(బి)లో 2020 డిసెంబరులో ప్రారంభమైన కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం శస్త్రచికిత్స ద్వారా సంతాన నియంత్రణ మార్గాన్ని చేపట్టింది. ఈ పద్ధతి రాబోయే తరాల సంఖ్యను తగ్గిస్తుంది గాని, నేడు ఉన్న కోతి ఆకలిని తగ్గించదు.

ముగింపు:
కనుక క్రమం మారాలి. మూతలేని చెత్తకుండీలు, గుళ్ల దగ్గర, రహదారుల పక్కన భక్తితో పెట్టే తిండి ముందుగా తగ్గాలి. ఆపై జాతి నిర్ధారణ, అనుమతి, సంతాన నియంత్రణ జరగాలి. బోను చివరి సాధనం కావాలి. దాన్ని మొదటి సాధనం చేసుకున్న ఊరు ఏటా బోను పెడుతూనే ఉండవలసి వస్తుంది.