పరిశీలన, పరికల్పన, నిరూపణ

'రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో దోమల ద్వారా మలేరియా వ్యాపిస్తుందని నిరూపించాడు.' నేను దిద్దిన జవాబు పత్రాలలో ఏళ్ల తరబడి ఈ వాక్యం చూశాను. మీరూ ఇలాగే రాసి ఉంటారు. ఇందులో 'నిరూపించాడు' అన్న మాట తొందరపాటు.

ఆ ఏడాది ఆగస్టు 20న రాస్ చూసిందేమిటి? మలేరియా రోగి రక్తం పీల్చిన అనాఫిలిస్ దోమను కోసి సూక్ష్మదర్శినిలో పరిశీలించగా, జీర్ణాశయ కుడ్యంలో నల్లని వర్ణక రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. అంతకుముందు రెండేళ్లుగా అతడు కోసిన ఇతర రకాల దోమలలో ఇవి కనిపించలేదు. వృథా అనుకున్న ఆ శ్రమే ఇప్పుడు పోల్చి చూడడానికి అక్కరకొచ్చింది.

అయినా దీనివల్ల తెలిసింది, పరాన్నజీవి దోమలో పెరుగుతుందని మాత్రమే. అది మనిషిని తిరిగి ఎలా చేరుతుంది? దోమలు చచ్చిపడిన నీరు తాగడం వల్ల కావచ్చునని రాస్ గురుతుల్యుడు మాన్సన్ భావించాడు. అది ఒక పరికల్పన. పరీక్షకు నిలవలేదు.

1898లో కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాపై పనిచేశాడు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులను చేరడం గమనించాడు. తరవాత, రక్తంలో పరాన్నజీవి లేదని ముందే పరీక్షించి చూసుకున్న పక్షులను ఆ దోమలచేత కుట్టించాడు. వాటిలో చాలావాటికి వ్యాధి సోకింది. పక్షుల వరకు నిరూపణ ఇదే. మనిషి విషయంలో అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, అతని సహచరులు చూపించారు.

ప్రశ్న: పక్షుల రక్తాన్ని ముందుగా పరీక్షించకపోతే, ఫలితంపై ఏ సందేహం మిగిలేది?