జేవియరా? హవియేరా?
ఒక పేరు వ్రాతపై వివాదము

2010వ సంవత్సరము జూలై 11వ తేదీ రాత్రి దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గు నగరమున ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల తుది ఆట జరిగెను. స్పెయిన్ జట్టు ఒకే ఒక గోలుతో నెదర్లాండ్సు జట్టును ఓడించి మొట్టమొదటిసారిగా ప్రపంచ విజేత అయ్యెను. ఆనాడు మైదానమున స్పెయిన్ పక్షమున ఆడినవారిలో ఒకరు చావి హెర్నాండెజ్. మరియొకరు షాబి అలోన్సో. ఆ ఆటలో దిగకున్నను జట్టులో చేరియున్న యువకుడు హావి మార్టినెజ్. ఆంగ్ల పత్రికలలో మొదటి ఆటగాని పేరు 'ఎక్స్ ఏ వి ఐ' అనియు, రెండవవానిది 'ఎక్స్ ఏ బి ఐ' అనియు, మూడవవానిది 'జె ఏ వి ఐ' అనియు అచ్చు పడుచుండెను. చూచువారికి ఇవి మూడు వేరువేరు పేర్లవలె తోచును. యథార్థమునకు ముగ్గురిదియు ఒకటే పేరు. ఒకే పేరు మూడు భాషలలో మూడు విధముల వ్రాయబడి, ముద్దుగా కుదింపబడి అట్లు నిలిచినది.

ఆ పేరు ఆంగ్లమున సాధారణముగా 'ఎక్స్'తో మొదలగును. తెలుగువారు దానిని జేవియర్ అని వ్రాసికొందురు. కాని స్పెయిన్ దేశమున ఆ పేరు గలవారిలో అధికులు దానిని 'జె'తో వ్రాసి, 'హవియేర్' అని పలుకుదురు. ఇట్టి పేరును ఆంగ్లమున ఎట్లు వ్రాయుట ఒప్పు అను విషయమున చిరకాలముగా భేదాభిప్రాయము లున్నవి. చూచుటకు ఇది ఒక్క అక్షరమునకు సంబంధించిన తగవు. కాని దాని వెనుక ఒక కోట, ఒక మహాపురుషుని ప్రయాణము, ఒక భాష నోరు తిరిగిన చరిత్ర, ఒక నియంతృత్వపు శాసనము ఉన్నవి.

స్పెయిన్ ఉత్తర భాగమున నవార్రా అను సీమ కలదు. అచ్చటి ప్రాచీన భాషలలో బాస్కు భాష ఒకటి. అది చుట్టుపట్ల నున్న భాషలలో దేనికిని చుట్టము కాదు. ఆ భాషలో 'ఎచే' అనగా ఇల్లు. 'బెర్రి' అనగా క్రొత్తది. ఈ రెండు మాటల కలయికచే 'క్రొత్త ఇల్లు' అను అర్థముగల ఊరిపేర్లు, ఇంటిపేర్లు అచ్చట అనేకములు పుట్టినవి. 1970 నుండి 1976 వరకు మెక్సికో అధ్యక్షుడుగా నుండిన లూయిస్ ఎచెవెర్రియా ఇంటిపేరు అట్టిదే. ఆ మాటయే నలిగి నలిగి ఒక కోటకు పేరయ్యెను. ఆ కోటలో 1506వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన ఫ్రాన్సిస్ అను శిశువు జన్మించెను. పెద్దవాడై ఏసుసభను స్థాపించిన తొలి బృందములో చేరి, 1542లో గోవాకు వచ్చి, ఆసియాఖండమున పదియేండ్లు మతప్రచారము సాగించి, 1552లో చైనా తీరమునకు చేరువ నున్న ఒక దీవిలో మరణించిన ఫ్రాన్సిస్ జేవియర్ ఆయనయే. ఆయన భౌతికకాయము నేటికిని గోవాలోని బోం జీసస్ దేవాలయమున ఉన్నది.

కనుక జేవియర్ అనునది మొదట మనిషి పేరు కాదు, ఊరిపేరు. తెలుగువారిలో ఊళ్ల పేర్లు ఇంటిపేర్లయినట్లే అదియు ఆయన పేరునకు వెనుక చేరెను. 1622లో కతోలిక సంఘము ఆయనను పునీతునిగా ప్రకటించెను. ఆయనయందలి భక్తిచే తల్లిదండ్రులు తమ బిడ్డలకు ఆ పేరే పెట్టుకొనసాగిరి. ఆ విధముగా ఒక కోటపేరు ఇంటిపేరై, ఆ ఇంటిపేరు ముందుపేరయ్యెను.

ఇక అక్షరముల మాట. ఫ్రాన్సిస్ పుట్టిన నాటికి స్పెయిన్ ప్రధాన భాషయగు కాస్తీలియన్‌లో 'ఎక్స్' అక్షరము 'ష' ధ్వనిని తెలుపుచుండెను. దానికి జంటగా 'జె' అక్షరము మరియొక మెత్తని ధ్వనిని తెలుపుచుండెను. పదునారవ శతాబ్దమున ఈ రెండు ధ్వనులును ఒకటిగా కలసిపోయెను. పిమ్మట ఆ ఒక్క ధ్వనియు నాలుక మీదినుండి గొంతులోనికి జారి, బిగువుగా ఒరసికొనుచు వచ్చు హకారమయ్యెను. తెలుగు ఉపాధ్యాయులకు ఇట్టి మార్పు అపరిచితము కాదు. 'ఱ'కారము, 'ర'కారము ఒకప్పుడు వేరువేరు ధ్వనులు. ఉచ్చారణలో అవి కలసిపోయిన తరువాతను వ్రాతలో రెండక్షరములు నిలిచి, ఏ మాటలో ఏది వ్రాయవలెనో తెలియక విద్యార్థులు తడబడుచుండిరి. స్పెయిన్‌లోను అదియే జరిగినది. ఒకే ధ్వనికి 'ఎక్స్', 'జె' అక్షరములు రెండును వాడుకలో నిలిచినవి.

ఈ చిక్కును విప్పినది 1713లో స్థాపితమైన స్పానిష్ రాజ అకాడమీ. 1815వ సంవత్సరపు వర్ణక్రమ గ్రంథమున అది ఆ గొంతు ధ్వనిని 'ఎక్స్' నుండి తొలగించెను. నాటినుండి సెర్వాంటెస్ రచించిన గొప్ప నవలానాయకుని పేరు స్పానిష్ భాషలో 'జె'తో వ్రాయబడుచున్నది. కాని ఆ నవల 1605లోనే వెలువడి ఇరుగుపొరుగు భాషలకు వ్యాపించియుండుటచే ఆంగ్లేయులు పాత 'ఎక్స్'నే పట్టుకొని క్విక్సోట్ అనుచున్నారు. ఫ్రెంచివారు 'కిషోత్' అనుచున్నారు. ఆ 'ష'కారము స్పెయిన్‌వారి నోట మాసిపోయినను ఫ్రెంచివారి నోట భద్రముగా నున్నది. జేవియర్ పేరునకును ఇదే గతి పట్టినది. కాస్తీలియన్‌లో అది 'జె'లోనికి మారెను. ఆంగ్లేయులు మాత్రము లాటిన్ గ్రంథములలోని 'క్సావేరియుస్' అను రూపము ననుసరించి అప్పటికే 'ఎక్స్'ను స్థిరపరచుకొనిరి. 1688లో కవి జాన్ డ్రైడెన్ ఈ పునీతుని జీవితచరిత్రను ఫ్రెంచి నుండి ఆంగ్లీకరించెను. అకాడమీ సంస్కరణమునకు అది నూట యిరువదియేడేండ్ల ముందటి మాట. ఆ 'ఎక్స్'యే 1860లో కలకత్తాలోను, 1869లో బొంబాయిలోను వెలసిన కళాశాలల ద్వారములపై చెక్కబడినది.

'ఎక్స్'ను సమర్థించువారి వాదమునకు ఇదియే ఆధారము. నాలుగు శతాబ్దముల నుండి ఆంగ్లమున స్థిరపడిన రూపమును పొరుగుదేశపు అకాడమీ మార్చుకొన్నదని ఆంగ్లము మార్చుకొన నక్కరలేదని వారందురు. 'జె' పక్షమువారు దీనికి ఒప్పుకొనరు. స్పెయిన్ నటుడు హవియేర్ బార్డెమ్ తన పేరును 'జె'తో వ్రాసికొనుచుండగా దానిని 'ఎక్స్'గా మార్చుటకు ఆంగ్లేయు లెవరని వారి ప్రశ్న. అయితే 'ఎక్స్' వ్రాసినను ఆంగ్ల పాఠకునికి ఉచ్చారణ తేటపడదు. కొందరు తెలుగు వ్యాకరణములలోని దంత్య జకారమునకు దగ్గరగా నుండు ధ్వనితో 'జేవియర్' అందురు. మరికొందరు 'ఎగ్జేవియర్' అందురు. 'జె' వ్రాసినచో స్పానిష్ పరిచయము లేని ఆంగ్లేయుడు జేమ్స్, జాన్ పేర్లలోని జకారమునే పలుకును. ఈ గొడవ యంతయు నెందుకని అమెరికాలో కొందరు తల్లిదండ్రులు తమ చెవికి వినబడిన ధ్వనినే పట్టుకొని పేరును 'జెడ్'తో వ్రాయుచున్నారు. పండితులు దానిని చూచి నవ్వవచ్చును. కాని ఎచేబెర్రి అను మాటను జేవియర్ చేసిన వారును చెవికి వినబడినదే వ్రాసిరి కదా!

ఆంగ్లేయుల సంగతి అటుంచి, స్పెయిన్‌లోనే ఈ అక్షరము ఒకప్పుడు ప్రభుత్వమునకు అభ్యంతరకరమయ్యెను. ఆ దేశమున కాస్తీలియన్ మాత్రమే కాక కతలాన్, బాస్కు, గలీసియన్ భాషలును కలవు. కతలాన్ వారు ఈ పేరును 'ఎక్స్'తోనే వ్రాసి చకార షకారములకు నడుమ పలుకుదురు. బాస్కు వారు 'ఎక్స్'తో మొదలిడి, నడుమ 'బి' వ్రాసి, షకారముతో పలుకుదురు. అంతర్యుద్ధకాలమున, 1938లో ఫ్రాంకో ప్రభుత్వము పౌరుల పేర్లు కాస్తీలియన్‌లోనే నమోదు కావలెనని ఆజ్ఞాపించెను. ఇంటిలో తల్లి షబియేర్ అని పిలుచు బిడ్డ జనన పట్టికలో హవియేర్ అయ్యెను. ఫ్రాంకో 1975లో మరణించెను. 1977వ సంవత్సరము జనవరి 4వ తేదీ నాటి చట్టముచే స్పెయిన్‌లోని ఏ భాషలో నైనను పేరు నమోదు చేయించుకొను హక్కు పౌరులకు లభించెను. చావి 1980లో కతలోనియాలో పుట్టెను. షాబి 1981లో బాస్కు సీమలో పుట్టెను. కొలది యేండ్లు ముందు పుట్టియున్నచో ఈ రూపములు వారి జనన పట్టికలకు ఎక్కెడివి కావు. మూడవ ఆటగాడగు హావి, ఆ ప్రాచీన కోట గల నవార్రా సీమవాడే. ఆయన పేరు మాత్రము 'జె'తో ఉన్నది. పేరు పుట్టిన సీమలో సైతము ఒక్క వ్రాతయే ఒప్పని చెప్పుటకు వీలులేదు.

ఇట్టి నిర్బంధము నియంతల పాలనలోనే జరుగవలెనని లేదు. బడిలోను జరుగవచ్చును. ఇరువదవ శతాబ్దపు పూర్వభాగమున అమెరికా నైరుతి రాష్ట్రములలో స్పానిష్ మాటలాడు కుటుంబముల పిల్లలు బడిలో చేరినప్పుడు హువాన్ జాన్ అగుట, మరియా మేరీ అగుట, హెసూస్ జెస్సీ అగుట సాధారణముగా నుండెడిది. ఉపాధ్యాయులలో అనేకులు దానిని సదుద్దేశముతోనే చేసిరి. పిలుచుటకు సులువు, పిల్లవాడు తోటివారిలో కలసిపోవును అని తలచిరి. కాని ఆ పిల్లలకు బడిలో ఒక పేరు, ఇంటిలో ఒక పేరు ఏర్పడెను. ఇంటి పేరు బడికి తగినది కాదను భావము తొలి పాఠముగా వారికి అలవడెను.

రికార్డులు వ్రాయువారి కష్టమును కూడ న్యాయముగా చెప్పవలెను. 'హోసే' అను పేరులో చివరి అచ్చుపై స్పానిష్ వారు ఒక చిన్న గీత నుంచుదురు. కాలిఫోర్నియా రాష్ట్రమున జనన పత్రములపై ఇట్టి గీతలను అనుమతింపవలెనని శాసనసభ ఒక బిల్లును ఆమోదించెను. 2017లో గవర్నరు జెర్రీ బ్రౌన్ దానిని తిరస్కరించెను. రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వముల రికార్డు లన్నింటిలో ఆ మార్పు లేక, కొన్నింటిలో మాత్రమే చేయుట కష్టమనియు, వ్యయముతో కూడినదనియు ఆయన వాదము. పాస్‌పోర్టు అడుగున యంత్రము చదువు పంక్తులలో ఆంగ్లపు ఇరువదియారు అక్షరములకే చోటు కలదు. ఒక పత్రమున ఒక విధముగను, మరియొక పత్రమున వేరొక విధముగను పేరున్నచో కలుగు చిక్కులు తెలుగునాట పరీక్షాపత్రములు చేతబట్టి కార్యాలయముల చుట్టు తిరిగినవారికి బాగుగా తెలియును. కావున రికార్డులలో ఏకరూపత కోరుట తప్పు కాదు. అయితే ఏకరూపత యనగా ఒక మనిషి పేరు అన్ని చోట్ల ఒక్క విధముగ నుండుట. అందరి పేర్లను ఒకే అచ్చులో పోయుట కాదు.

ఈ పేరు తెలుగునేలకును వచ్చినది. తెలుగు కతోలికులు ఆ పునీతుని ఫ్రాన్సిస్ శౌరి అందురు. శౌరి, శౌరయ్య, శౌరమ్మ అను పేర్లు వారి కుటుంబములలో విరివిగా కలవు. సంస్కృతమున శౌరి యనగా శూరుని వంశమువాడు, శ్రీకృష్ణుడు. విదేశీయనామము తెలుగు నోట పడి, ఈ నేల ఎరిగిన ప్రాచీన నామముతో సరిపోయినది. ఫ్రాన్సిస్ బాల్యమున ఆయన కోటపేరులో వినబడిన షకారమునకు, పోర్చుగీసువారు నేటికిని ఆ పేరు మొదట పలుకు షకారమునకు, ఆంగ్లేయుల జకారముకంటె ఈ తెలుగు శకారమే దగ్గరి చుట్టము. ఈ శౌరిని మరల ఆంగ్లమున వ్రాయవలసి వచ్చినప్పుడు కొందరు 'ఎస్ హెచ్ ఓ డబ్ల్యు'తోను, కొందరు 'ఎస్ హెచ్ ఓ యు'తోను, మరికొందరు వేరు విధముగను వ్రాయుదురు. స్పానిష్ పేరు ఆంగ్లమున పడిన తగవునే అది తెలుగు దారిని వచ్చి మరల పడుచున్నది.

ఇన్ని రూపములలో సరియైన దేది? చరిత్రలో నిలిచిన పునీతుని గూర్చి వ్రాయునప్పుడు ఆయా భాషలలో స్థిరపడిన రూపమును వాడుటలో దోషము లేదు. ఆంగ్లమున జేవియర్, స్పానిష్‌లో హవియేర్, తెలుగున శౌరి—మూడును ఒప్పే. సజీవుడైన మనిషి విషయము వేరు. ఆయన పేరు ఎట్లు వ్రాయవలెనో వ్యాకరణము చెప్పజాలదు, ధ్వనిశాస్త్రము చెప్పజాలదు, అకాడమీ చెప్పజాలదు. ఏలయనగా ఏ వ్రాతయు ధ్వనిని పూర్తిగా పట్టి యుంచలేదని ఈ పేరు కథయే చెప్పుచున్నది. ఆ అక్షరములలో నిలిచియుండునది తల్లిదండ్రుల భాష, పుట్టిన ఊరు, వంశపు జ్ఞాపకము. వానిని ఎరిగినవాడు పేరు ధరించిన మనిషియే.

బడి తెరచిన దినమున హాజరుపట్టికలో క్రొత్త పేరు వ్రాయు ఉపాధ్యాయుని చేతిలో ఈ విషయమున అకాడమీ చేతిలో ఉన్నంత అధికారము ఉన్నది. ఆయన ఆనాడు వ్రాసిన అక్షరములే పెక్కుమారులు ఆ విద్యార్థిని జీవితాంతము వెన్నంటును. కలము కదలించుటకు ముందు ఆ బిడ్డను, వాని తల్లిదండ్రులను 'మీ పేరు మీరెట్లు వ్రాసికొందురు?' అని అడుగుటకు క్షణకాలము చాలును.