సర్జాపురమున ఆంగ్లబోధకు సాధనములు

సర్జాపురమున మన బిడ్డలకు ఇంట తెలుగు, వీధిలో కన్నడము. ఆంగ్లము విశేషముగా బడిలోనే వినవచ్చును. ఆంగ్లము రాదను భయముననే తల్లిదండ్రులు పలువురు తెలుగుబడి మాన్పించుచున్నారు. 1956 నాటి ఏడవ సవరణమున రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఆంగ్లము నేర్పు సాధనమును మాత్రము ఉపాధ్యాయుడే వెదకికొనవలెను.

1963లో బెంగుళూరున స్థాపితమైన దక్షిణభారత ప్రాంతీయ ఆంగ్లసంస్థ ఉపాధ్యాయులకు శిక్షణ నొసగుచున్నది. అంతకన్న దినదినమును పనికివచ్చునది, 2015లో ప్రథమ్ బుక్స్ వారారంభించిన స్టోరీవీవర్. అందు కొన్ని కథలు తెలుగునను ఆంగ్లమునను ఉచితముగా లభించును. ముందు తెలుగు చదివించి మరునాడు ఆంగ్లము చూపినచో అర్థమునకై తడబాటుండదు. దృష్టి మాటల కూర్పుపై నిలుచును. బ్రౌను నిఘంటువు (1852) మహోపకారియే, కాని బాలురకు బరువు. అది ఉపాధ్యాయుని బల్లమీద నుండదగినది.

మన పిల్లల చిక్కులు వేరు. తెలుగుమాటలు ప్రాయికముగా అజంతములగుటచే ‘బస్’ ‘బస్సు’ అగును. ‘స్కూల్’ ‘ఇస్కూలు’ అగును. ‘ఎ’, ‘ది’ అను ఉపపదములు మనకు లేవు. వాక్యాంతమున క్రియ నుంచుట కలవాటుపడిన బాలుడు దానిని కర్మమునకు ముందు నిలుపుటకు శ్రమపడును. కన్నడమునకును ఈ లక్షణములే కలవు గనుక, పొరుగుబడి కన్నడోపాధ్యాయులు వ్రాసికొన్న అభ్యాసపత్రములను అడిగి తెచ్చుకొనుటకు సంకోచింప పనిలేదు.