పరాయి దేశపు బడిలో తొలి మాట

బతుకుదెరువు కోసం సముద్రం దాటడం మన కుటుంబాలకు కొత్త కాదు. గల్ఫ్‌కు ఎక్కువగా మగవారు ఒంటరిగానే వెళ్తారు. పోర్చుగల్ వంటి దేశాలకు వెళ్లినవారు వీలైతే భార్యాబిడ్డలనూ పిలిపించుకుంటారు. అప్పుడు అసలు పరీక్ష పిల్లలకే. హాలియాలో లెక్కల్లో ముందుండే పిల్లవాడు అక్కడ భాష రాక మౌనంగా కూర్చుంటే, చదువు రానివాడిగా కనిపిస్తాడు. అందుకే ప్రయాణానికి ముందే నాలుగు బడి మాటలు నేర్పించమని తల్లిదండ్రులకు మనవి చేస్తున్నాం.

అన్నిటికంటే ముందు నేర్పవలసింది అర్థం కాలేదని చెప్పడం. 'నౌఁ పెర్సెబీ' అంటే 'నాకు అర్థం కాలేదు'. 'పోద్ రెపెతీర్, పూర్ ఫవోర్?' అంటే 'దయచేసి మళ్లీ చెబుతారా?' ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉర్దూలో తూ, ఆప్ ఉన్నట్టే ఆ భాషలోనూ చనువు వేరు, మర్యాద వేరు. స్నేహితుణ్ణి 'తు' అంటారు. అతనితో 'పోదష్' అనవచ్చు, టీచరుతో మాత్రం 'పోద్' అనాలి. చివరి 'ష్' ఒక్కటే తేడా.

ఇక రోజువారీ మాటలు. ఉదయం పలకరింపు 'బోఁ దీయ'. బడి 'ఇష్కోల', మన పెద్దలు 'ఇస్కూల్' అన్నట్టే ఉంటుంది. 'ఫాసు ఉష్ త్రబాల్యుష్ ద కాజ' అంటే హోంవర్కు చేస్తున్నాను. 'అమన్యాఁ తేన్యు తెష్త్' అంటే రేపు నాకు పరీక్ష. కృతజ్ఞత చెప్పేటప్పుడు అబ్బాయి 'ఓబ్రిగాదు' అంటాడు, అమ్మాయి 'ఓబ్రిగాద' అంటుంది. ముక్కుతో పలికే అక్షరాలు చాలామందికి కష్టం. ఉర్దూలో 'హాఁ', 'నహీఁ' అనే మన పిల్లలకు అవి తేలికే.

మాటల్లోనూ చుట్టరికం ఉంది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తర్వాత పోర్చుగీసు మాటలు మన భాషల్లోకి వచ్చాయి. చాబీ, అల్మారా, బొత్తాం, మేస్త్రీ అలా వచ్చినవే. అంతకు చాలా ముందే, 711 నుంచి 1249 వరకు, నేటి పోర్చుగల్ నేలపై ముస్లింల పాలన సాగింది. చివరగా వారి చేతుల్లో మిగిలింది దక్షిణ ప్రాంతం. దాని పేరు ఆల్గార్వ్. అరబ్బీలో 'అల్ గర్బ్', అంటే పడమర. మనం మగ్రిబ్ అనే మాటకూ మూలం అదే. చక్కెరను వారు 'అసూకర్' అంటారు. అదీ అరబ్బీ నుంచే వెళ్లింది.

పోర్చుగల్ బడుల్లో, పోర్చుగీసు మాతృభాష కాని పిల్లలకు ఆ భాషను ప్రత్యేక సబ్జెక్టుగా నేర్పే ఏర్పాటు ఉంది. చేర్పించేటప్పుడే దాని గురించి అడగండి. ఇంట్లో మాత్రం ఉర్దూ, తెలుగు మాననివ్వకండి. తల్లులకు ఒక్క వాక్యం వస్తే చాలు: 'ఉ క్ అప్రెందెష్త్ ఓజ్?' అంటే 'ఈ రోజు ఏం నేర్చుకున్నావు?' రోజూ సాయంత్రం అమ్మ ఇలా అడిగితే, జవాబు చెప్పడం కోసమైనా బిడ్డ నేర్చుకుని వస్తాడు. మన దీన్‌లో తొలి ఆజ్ఞే చదవమని కదా!