చెన్నపట్టణపు గోడలు: చిత్రకళ, రాజకీయము, వర్తకము

గోడమీద బొమ్మ వ్రాయుట మనవారికి క్రొత్త విద్య కాదు. వాకిట ముగ్గు, గడపకు పసుపు కుంకుమలు, పెండ్లియింటి గోడలకు చిత్తరువులు, లేపాక్షి గుడి కప్పుమీది వర్ణచిత్రములు, ఇవన్నియు తరతరములుగ మనకు తెలిసినవే. కాని అవి యింటివాని యిష్టముతోనో, దేవాలయ పోషకుని ద్రవ్యముతోనో వెలసినవి. వానిని చూడగోరినవారు వానియొద్దకు పోవుదురు. వీధిగోడమీది బొమ్మ అట్టిది కాదు. అదియే మన యెదుటికి వచ్చును. బస్సుకొఱకు నిలుచున్నవాడు దానిని చూడక తప్పదు. టిక్కెట్టు లేదు, ద్వారపాలకుడు లేడు, చదువు రాదను అడ్డంకియు లేదు. ఈ తప్పనిసరి చూపే దాని బలము. ఆ బలముకొఱకే అన్యాయము నెదిరించువాడు, ఓట్లడుగువాడు, సరకమ్మువాడు, ముగ్గురును ఒకే గోడను కోరుచుందురు. ఈ ముగ్గురి పెనుగులాట చెన్నపట్టణమున కనబడినంత స్పష్టముగ దక్షిణదేశమున మఱియెచ్చటను కనబడదని నా తలంపు. ఇచ్చట తరములుగ నివసించుచున్న మనము ఆ గోడల ప్రక్కనే నిత్యము నడచుచున్నాము కావున వాని చరిత్రను కొంత తెలిసికొనుట యుక్తము.

ముందుగ గోడ కాదు, ఒక రైల్వేస్టేషను పలకను గుఱించి చెప్పవలసియున్నది. తిరుచిరాపల్లి జిల్లాలో కల్లక్కుడి అను నూరు కలదు. అచ్చట సిమెంటు కర్మాగారము నెలకొల్పిన పారిశ్రామికుల యింటిపేరుతో ఆ స్థలము డాల్మియాపురమైనది. 1953 జూలై 15వ తేదీన ద్రావిడ మున్నేట్ర కళగమువారు అచ్చట ఆందోళన జరిపిరి. యువకుడైన కరుణానిధి తన అనుచరులతో కూడ స్టేషనుకు పోయి, పలకమీది పేరు మఱుగుపడునట్లు కల్లక్కుడి అని వ్రాసిన కాగితము నంటించి, పిమ్మట పట్టాలపై పరుండెను, చెఱసాలకును పోయెను. ఆ మునుపటి సంవత్సరమే, 1952లో, రైల్వే పలకలపై హిందీ అక్షరములను తారుతో చెఱపిన ఉద్యమము జరిగియుండెను.

ఈ చిన్న ఘటనలో మన విషయమంతయు ఇమిడియున్నది. పలకమీద మొదట నున్నది యొక వ్యాపారసంస్థ పేరు. అనగా సర్కారు ఖర్చుతో నిత్యము జరుగు ప్రకటన. దానిమీద అంటించిన కాగితము నిరసన. ఆ నిరసనయే అంటించినవాని నాయకత్వమునకు పునాదులలో నొకటియైనది. ఆ పార్టీ అధికారమునకు వచ్చిన పిమ్మట ఊరికి పాతపేరు మరల దక్కినది. ఒకే పలక, రెండడుగుల కాగితము, కొంచెము జిగురు: ఇందులో ఏది ధర్మాగ్రహము, ఏది రాజకీయము అని వేఱుచేసి చూపగలవారెవ్వరు? వీధిచిత్రమునకు నిష్కళంకమైన బాల్యమొకటి యుండెననియు, పార్టీలును కంపెనీలును వచ్చి దానిని చెఱచెననియు కొందఱు వ్రాయుచుందురు. చెన్నపట్టణపు చరిత్ర ఆ మాటను సమర్థింపదు.

ఇక సినిమా బ్యానర్ల సంగతి. తెలుగు చిత్రములు చాలకాలము మదరాసులోనే తయారైనవి. కావున ఈ కథలో మన పాలు తక్కువది కాదు. పాలకొల్లునుండి వచ్చిన ఈశ్వర్ 1967లో బాపు తీసిన సాక్షి చిత్రముతో ప్రచారకళలో ప్రవేశించి, వందలకొలది చిత్రములకు పోస్టరులు రూపొందించెను. ఆ కళను గుఱించి తెలుగులో గ్రంథమును వ్రాసెను. 2021లో ఆయన కాలధర్మము చెందెను. కాగితముపై అట్టివారు గీసినదానిని వీధికెక్కించిన కూలికళాకారుల పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

వారి పద్ధతి యిది. చిన్న ఛాయాచిత్రముమీద గళ్లు గీయుదురు. ప్రక్కప్రక్కన కుట్టిన గుడ్డమీదనో, ప్లైవుడ్డుమీదనో అన్ని గళ్లే పెద్దవిగ గీయుదురు. ఒక్కొక్క గడిలోని గీతను దానికి సరియైన గడిలోనికి పెంచి దింపుదురు. ఇరువది అడుగుల ముఖమును గీయువాడు దానిని మొత్తముగ చూడజాలడు. వాని యెదుట నుండునది కంటిలో నొక మూల మాత్రమే. దూరమునుండి చూచువారికి చర్మము వెలుగునట్లు గులాబి, నీలి, పసుపు రంగులను తెగువతో పూయుదురు. బొమ్మ అంచు వెంబడి పలకను కోసి, సరుగుడు కఱ్ఱలతో ఊతమిచ్చి నిలిపినచో అదియే కటౌటు. 1957లో వణంగాముడి చిత్రమునకు చిత్రా టాకీసు ముందట నిలిపిన శివాజీ గణేశను కటౌటు ఎనుబది అడుగులదని ప్రసిద్ధి.

నటునికి సరిపోయిన కొలత నాయకునికి సరిపోవుటకు ఆలస్యము కాలేదు. 1967 జనవరి 12న ఎం.జి. రామచంద్రన్ పై కాల్పులు జరిగెను. మెడకు కట్టుతో ఆసుపత్రిలో నున్న ఆయన ఛాయాచిత్రము పోస్టరై తమిళనాడంతట గోడలెక్కినది. ప్రచారమునకు తిరుగలేని స్థితిలోనే ఆయన పరంగిమలైనుండి గెలిచెను. ఆయన పార్టీ రాజ్యమునకు వచ్చెను. 1991 మొదలు 1996 వఱకు జయలలిత ముఖ్యమంత్రిగ నున్న కాలమున రాజకీయ కటౌట్లు సినిమా కటౌట్లను మించిపోయినవి. 1995లో తంజావూరున జరిగిన ప్రపంచ తమిళ మహాసభల కాలమున అట్టివి దారిపొడుగున నిలిచినవి. వ్రాసిన చేతులవే. నిన్న కథానాయికకు దిద్దిన కనుబొమ్మనే నేడు ముఖ్యమంత్రికి దిద్దిరి. కూలి యిచ్చువాడు మాత్రము మాఱెను.

గోడవ్రాతలకు వేఱొక మర్యాద కలదు. ఎన్నికలకు చాలముందే పార్టీవారు వచ్చి గోడకు సున్నము కొట్టి, మూలన తమ పార్టీ పేరును సంవత్సరమును వ్రాసి పోవుదురు. బస్సులో తువ్వాలు వేసి చోటు పట్టుటవంటిది. ఆపైన ఎదుటి పార్టీవాడు సామాన్యముగ దానిని ముట్టడు. ఇంటివానిని అడిగినవారెవ్వరు అని మాత్రము ప్రశ్నింపరాదు! బహిరంగ స్థలముల రూపును చెఱపుట నేరమని తమిళనాట 1959లోనే శాసనము పుట్టినది. కర్ణాటకమున 1981లోను, మహారాష్ట్రమున 1995లోను, ఆంధ్రప్రదేశమున 1997లోను అట్టి శాసనములు వచ్చినవి. 1990 మొదలు 1996 వఱకు ఎన్నికల ప్రధానాధికారిగ నున్న శేషన్ కాలమునుండి ఎన్నికల సంఘము పట్టుబట్టుటచే పట్టణములలో వ్రాతలు తగ్గినవి. పల్లెలలో యజమాని వ్రాతపూర్వకమైన అనుమతి కావలెనన్న నియమమున్నది. పాలేరు తన భూస్వామిపార్టీకి అనుమతి నిరాకరింపగలడా యనునది నియమములో లేదు.

మా పాఠశాల ప్రహరీగోడమీద పూర్వవిద్యార్థులు కొందఱు చందాలు వేసికొని తెలుగు వర్ణమాల వ్రాయించిరి. ఒక ఎన్నికల ముందు రాత్రికి రాత్రి దానిపై సున్నము పడినది. మఱునాడు పిల్లలు వచ్చి చూచునప్పటికి అకారమునుండి ఋకారము వఱకు లేదు. ఒక గుర్తు మాత్రమున్నది. ఏ పార్టీయో చెప్పుట యనవసరము, ఏదైనను అట్లే చేసియుండును. నన్ను బాధించినది వేఱు. ఆ వ్రాతగాడు చేసిన పని చక్కగ నుండెను. దారమునకు నీలి పట్టించి సాగదీసి విడిచిన గీత వెండ్రుకవాసియైన వంకరపోలేదు. వాడు కళాకారుడు కాడని నేననజాలను. వాడు చేసినది కళయని ఒప్పుకొనుటకును మనస్సు రాదు.

అట్టి చేతికే కాలము తీఱినది. 2000 తరువాతి సంవత్సరములలో కంప్యూటరుతో ముద్రించు ఫ్లెక్సు గుడ్డలు వచ్చి, పది దినముల పని పది నిమిషములలో ముగియజొచ్చినది. బ్యానరు శాలలు మూతపడినవి. చవుకయగుటచే ఫ్లెక్సులు పుట్టినదినమునకు, చెవులు కుట్టుటకు, చావునకు సైతము మొలచినవి. 2019 సెప్టెంబరులో పళ్లిక్కరణైలో ఒక రాజకీయ నాయకుని యింటి పెండ్లికి కట్టిన బ్యానరు ద్విచక్రవాహనముపై పోవుచున్న యొక యువతిపై పడినది. ఆమె క్రిందపడగా వెనుకనుండి వచ్చిన నీళ్ల లారీ ఆమె ప్రాణము తీసినది. మద్రాసు ఉన్నతన్యాయస్థానము ప్రభుత్వమును తీవ్రముగ మందలించెను. గోడలను గుఱించిన చర్చ కేవలము సౌందర్యచర్చ కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

2009-10 ప్రాంతమున చెన్నై నగరపాలక సంస్థ అణ్ణాసాలై మొదలగు ముఖ్యవీధులలో పోస్టర్లను నిషేధించి, ఆ గోడలపై చిత్రములు వ్రాయించెను. వ్రాసినవారు పనులు పోయిన బ్యానరు చిత్రకారులే. వ్రాయించినవి మహాబలిపుర శిల్పములు, భరతనాట్యము, జల్లికట్టు, పల్లెపట్టులు. ఇంచుమించు అదే కాలమున బెంగళూరున నగరపాలకులు అట్లే చేయించిరి. వృత్తి కోల్పోయినవారికి కూడు దొరికినది, అది మేలే. కాని నగరమునకు దశాబ్దముల తరబడి ముఖమైన సినిమాను, రాజకీయమును తుడిచివేసి, విహారయాత్రికుని కనువైన సంస్కృతిని నిలిపిరి. వ్రాతగాండ్రు తమ జీవితమంత వ్రాసినదానిని వ్రాయుటకు మాత్రము అనుమతి లేదు. వివాదము లేని బొమ్మ యనగా పాలకుల బొమ్మ యని నా కప్పుడు తోచినది.

అంతకంటె చిక్కైనది కణ్ణగి నగరము సంగతి. పాత మహాబలిపురపు మార్గము ప్రక్కన 2000 ప్రాంతమునుండి మురికివాడల నిర్మూలన సంస్థ కట్టించిన గృహసముదాయమిది. నగరమధ్యమున నదీతీరములనుండి తొలగింపబడినవారిని, 2004 సునామీ బాధితులను ఇచ్చటికి తరలించిరి. పనులు దూరమయ్యెను, ఈ చిరునామా చెప్పిన పని దొరకదన్న అపకీర్తియు అంటుకొనెను. 2020లో స్టార్ట్ ఇండియా అను సంస్థ ఏషియన్ పెయింట్స్ కంపెనీ అండతోను, నగరపాలక సంస్థ సహకారముతోను ఇచ్చటి కట్టడముల పక్కగోడలపై మహాచిత్రములు వ్రాయించెను. ఇదే జట్టు ఢిల్లీ లోధీ కాలనీలోను, హైదరాబాదు మక్తాలోను లోగడ పనిచేసినదే.

ఇది కళయా, సేవయా, ప్రకటనయా? బొమ్మలు బాగున్నవి, నవ్వుచున్న పిల్లల ముఖములను చూచిన అచ్చటి పిల్లలకు గర్వము కలిగినదనుట కాదనరానిది. పత్రికలు నేరములనుగాక వేఱొకటి వ్రాయుటకై ఆ పేట పేరెత్తుట చిన్న సంగతి కాదు. కాని రంగులమ్మువానికి రంగువేసిన గోడయే పెద్ద ప్రకటన. అందుమీద పేరు వ్రాయనక్కఱలేదు. తరలింపు న్యాయమా యను ప్రశ్న ఆ గోడలమీద లేదు. రాజసభలో న్యాయమడిగిన కణ్ణగి పేరు పెట్టుకొన్న పేటలో ఆ యొక్క ప్రశ్నకే చోటు లేకుండుట నాకు వింతగ తోచును. ధనమిచ్చినవాడు ఫలానిది వ్రాయవలదని శాసింపనక్కఱలేదు. అనుమతి పత్రముపై సంతకము చేయువా డెవ్వడో చిత్రకారునికి ముందే తెలియును.

దీనికి ప్రక్కన బెంగళూరు బాదల్ నంజుండస్వామి పనిని పెట్టి చూడుడు. మైసూరున చిత్రకళ నభ్యసించిన యీయన 2015లో రోడ్డుమధ్య నీళ్లు నిలిచిన పెద్ద గుంటలో నిజమైనదివలె నున్న మొసలిబొమ్మను దింపెను. కంపెనీ లేదు, అనుమతి లేదు. గుంట త్వరలోనే పూడ్చబడినది. 2019లో చంద్రయానము దిగబోవు దినములలో, గుంటలుపడిన వీధిలో వ్యోమగామి వేషధారి నొకనిని మెల్లగ నడిపించి చిత్రీకరించెను. చంద్రమండలమనుకొన్నవారు ప్రక్కన ఆటోరిక్షా పోవుట చూచి నవ్విరి. ఆ వీధియు బాగుపడినది. ఇట్టి చిత్రము నిలుచుటకు పుట్టినది కాదు, చెఱపబడుటకే పుట్టినది. గుంట పూడి బొమ్మ పోయిననాడే అది నెఱవేఱినది. అధికారులు ఆ యొక్క గుంటను పూడ్చి పేరు పొంది, ప్రక్కవీధి గుంటలను మఱచుటయు కలదు. ఆ లోపము చిత్రకారునిది కాదు.

మన సోదరు లున్న యితర ప్రాంతములను గుఱించి రెండు మాటలు. ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాలలో సవరలు ఇంటిలోపలి గోడపై దేవతలకొఱకు, పితరులకొఱకు వ్రాయు బొమ్మలు ఇప్పుడు పట్టణపు ప్రహరీలపై అలంకారములైనవి. మ్రొక్కు పోయి రూపము మిగిలినది. ముంబయిలో కామాఠీపుర మను పేరు, కట్టడపు పనులకు పోయిన తెలుగు కామాఠీలవలన వచ్చినది. ఆ నగరపు గోడల నెత్తిన చేతులలో మనవారివి కలవు.

ఇప్పుడు మన సంఘములును గోడలకు బొమ్మలు వ్రాయింప దలచుచున్నవి. మహనీయుల చిత్రములకు దాతలును ముందుకు వచ్చుచున్నారు. ఒప్పుకొనుటకు ముందు నిర్ణయింపవలసిన వివరములు కొన్ని గలవు. దాత పేరు ఏ కొలత అక్షరములలో నుండవలెను, ఎన్నికలు వచ్చినపుడు గోడను కాపాడు బాధ్యత ఎవరిది, రంగు వెలిసిన రెండేండ్ల తరువాత ఖర్చెవ్వరిది యనునవి కాగితముపై నుండవలెను. వ్రాతగానిని కుదుర్చుకొనునపుడు తెలుగు చదివినవా రొకరు ప్రక్కన నుండుట అవసరము. తమిళమునకు తలకట్టు లేదు; భాష తెలియని చేయి మన తలకట్టును కొమ్ముగ మార్చును, థకారములోని చుక్కను పొట్టక్రింది గీతను కలిపివేయును. కుంచెతో తెలుగు వ్రాయగల పాతతరపు వ్రాతగాండ్రు ఈ నగరమున నేటికిని కొందఱున్నారు. వారికి ఫ్లెక్సు అంగడివానికంటె కొంచె మెక్కువ యీయవలసి వచ్చును.